నీళ్ల జగ్గుల లెక్క

హోటలు పెట్టాలనుకునే కుర్రాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. అడ్వాన్సు ఎంత అడుగుతారు, గ్రైండరు ఏ సైజుది కొనాలి, మంచి మాస్టరు ఎక్కడ దొరుకుతాడు అని అడుగుతారు. తెలిసింది చెప్పి పంపిస్తాను. వాళ్లు అడగనిది, నేనూ చెప్పనిది ఒకటి మిగిలిపోతుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనిలో ఇరవై ఏళ్లకు కొంచెం తక్కువ ఉన్నాను. బల్లలు తుడవడంతో మొదలుపెట్టి రెండు హోటళ్లకు ఓనరునయ్యాను. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఎలా ఎదిగానో తెలుసుకుందామని చదివేవాళ్లకు ఇందులో దొరికేది తక్కువ.

నీళ్లకు భాషెందుకు

మాది రామసముద్రం దాటాక సరిహద్దుకు అవతల, కర్ణాటకలో ఉన్న చిన్న ఊరు. ఇంట్లో కన్నడం. ఐదో తరగతి దాకా చదివాను. బావిలో నీళ్లు అడుగంటి, రెండు పంటలు పోయాక తొంభైల మొదట్లో మదనపల్లెకు వచ్చాను. అప్పటికి పద్దెనిమిదేళ్లు. తెలుగు వింటే సగం అర్థమయ్యేది. మాట్లాడితే ఎదుటివాళ్లు నవ్వేవాళ్లు.

టమోటా మార్కెట్టుకు దగ్గర్లో గోవిందశెట్టి గారి టిఫిన్ హోటలు ఉండేది. అక్కడ బల్లలు తుడిచే పనికి చేరాను. రెండు నెలల తర్వాత సప్లయర్‌గా వేస్తే, రైతు అడిగింది ఒకటి, నేను తెచ్చింది ఇంకొకటి. ఒకే పొద్దున నాలుగుసార్లు అలా జరిగాక శెట్టి గారు పిలిచి నా చేతికి స్టీలు జగ్గు ఇచ్చాడు.

"టిఫిన్లు వద్దులేప్పా నీకు. నీళ్లు పోస్తే సాలు. నీళ్లకు భాషెందుకు?"

"కన్నడోనికి ఈ పొద్దు జగ్గిచ్చినారు. బాగా పోస్తే రేపు బిందె ఇస్తారు" అన్నాడు ఒక సప్లయర్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో సరిగా తెలియకుండానే.

నోరు తెరిస్తే నవ్వుతారు కాబట్టి నోరు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాకు వేరే కాలక్షేపం లేదు. ఏ బల్ల దగ్గర ఎంతమంది, ఎంతసేపు, ఎన్ని జగ్గులు. బొగ్గుముక్కతో నీళ్ల తొట్టి పక్క గోడ మీద గీతలు గీసేవాణ్ని. మార్కెట్టులో టమోటా ధర బాగున్న రోజు రైతులు రెండో కాఫీ తాగేవాళ్లు. ధర పడిపోయిన రోజు ఒక కాఫీని ఇద్దరు పంచుకునేవాళ్లు. వేలం ఎలా జరిగిందో నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయేది.

జగ్గుల లెక్క కుదరడానికి ఒక ఏడాది పట్టింది. చలికాలంలో నూరు టిఫిన్లకు ముప్పై జగ్గులు. ఎండాకాలంలో నలభై ఐదు. ఒకటి రెండు అటూ ఇటూ అంతే. ఈ లెక్క ఎందుకని అడిగితే అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

రుచి చూడని మాస్టరు

ఆ హోటల్లో వంట మునిరత్నం మాస్టరుది. కుప్పం దగ్గర గుడుపల్లె వైపు ఊరు. అప్పటికి నలభై దాటినవాడు, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ భుజం మీద ఎర్ర తువ్వాలుతో ఉండేవాడు. పొద్దున మొదటి గరిటె సాంబారు, మొదటి ఇడ్లీ దేవుడి పటం ముందు పెట్టేదాకా వంటగదిలో ఎవరూ ఏదీ నోట్లో పెట్టకూడదు. ఇది పాతకాలం హోటళ్లన్నింటిలో ఉండేదే. మాస్టరు ఇంకో అడుగు ముందుకు పోయాడు. దేవుడికి పెట్టాక కూడా రుచి చూసేవాడు కాదు.

"వంటోడు ఎంగిలి సేసినాక అది ఎవురికి పెడ్తావప్పా?" అనేవాడు.

ఉడుకుతున్న గిన్నె మీద ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, ఆవిరి పీల్చేవాడు. "ఉప్పు అర పిడికెడు తక్కువ" అనేవాడు. "ధనియాలు పాతవి, శెట్టిగారికి సెప్పండి" అనేవాడు. తప్పడం నేను చూడలేదు.

ఒకరోజు పొద్దున తొమ్మిదికే నా గీతలు దాటిపోయాయి. చలికాలం, అయినా నూరు టిఫిన్లకు యాభై ఎనిమిది జగ్గులు. వెళ్లి శెట్టి గారికి నాకొచ్చిన తెలుగులో ఉప్పు ఎక్కువైందని చెప్పాను. ఆయన గల్లాపెట్టె మీద నుంచి తల ఎత్తకుండా, "నువ్వు నీళ్లు పొయ్యప్పా" అన్నాడు. వంటగది కిటికీలోంచి మాస్టరు విన్నాడు. బయటికొచ్చాడు.

"ఏమప్పా, నా ఉప్పు నీ జగ్గులో సూస్తాండావా?"

"లెక్కలో వచ్చింది మాస్టరూ."

"లెక్కలోనా? సూపించు."

గోడ మీద గీతలు చూపించాను. చాలాసేపు చూశాడు. లోపలికి పోయి సాంబారు మీద వంగాడు, తల అడ్డంగా ఊపాడు. చట్నీ గిన్నె దగ్గరికి పోయి వంగాడు. గ్రైండరు దగ్గర పనిచేసే వెంకటేశు ఆ రోజు శనగవిత్తనాల చట్నీలో రెండుసార్లు ఉప్పు వేశాడు. మాస్టరు ఆ పొద్దున దాని వాసన పట్టకుండానే బయటికి పంపేసి ఉన్నాడు. వెంకటేశును తిట్టలేదు. నా వైపు తిరిగి, "కన్నడోడు నీళ్లు పోస్తాండాడని అందురూ అనుకుంటాండారు. వీడు మనల్నందర్నీ తూకం వేస్తాండాడు" అన్నాడు.

ఆ రోజు నుంచి టిఫిన్లు అయిపోయాక ప్రతిరోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఎన్ని జగ్గులప్పా?" ముప్పై ఒకటి అంటే, "సరిపోయింది" అని తువ్వాలు దులిపి కూర్చునేవాడు. నేను తెలుగు నేర్చుకున్నది ఆయన దగ్గరే. పిండి చేత్తో ఎత్తి చూసి ఎంత పులిసిందో చెప్పడం, సెగ చూసి పెనం అదును తెలుసుకోవడం, పని చెప్పేటప్పుడు గొంతు ఎత్తకపోవడం, ఇవన్నీ ఆయన దగ్గరే.

శెట్టి గారి గురించి ఒక మాట. మనిషి మంచివాడు, కాని తన గల్లాపెట్టె దాటి వంటగదిలోకి ఏడాదికి రెండుసార్లు కూడా రాలేదు. ఓనరైతే అలా ఉండకూడదని అప్పుడే అనుకున్నాను. వంటగదిలో ప్రతిదీ చూసే ఓనరునయ్యాను నేను. దానివల్ల ఒరిగిందేమీ లేదని తర్వాత తెలిసింది.

బోర్డు మీద పేరు

ఏడేళ్లకు నేను సప్లయర్ దాటి, గల్లా చూసేదాకా వచ్చాను. శెట్టి గారి కొడుకులు హోటలు మూసి లాడ్జి కడతామన్నారు. మాస్టరు, వెంకటేశు, నేను ముగ్గురం పుంగనూరుకు పోయి బస్టాండు దగ్గర ఒక షెడ్డు బాడుగకు తీసుకున్నాం. డబ్బు నాది, నా భార్య తరఫువాళ్లది. బోర్డు రాయించేటప్పుడు మాస్టరు పేరు రాయించాను.

"నా పేరు యాలప్పా? ఓనరువి నువ్వు. నీదే రాయించుకో."

"నా పేరు సూసి ఎవురొస్తారు మాస్టరూ? ఇంకా కన్నడోడనే అంటాండారు."

ఆయన సిగ్గుపడ్డాడు. బోర్డు కట్టిన రోజు రోడ్డుకు అవతల నిలబడి, ఎవరూ చూడనప్పుడు చూసుకున్నాడు.

పుంగనూరులో రెండో ఏట మాస్టరు వాళ్ల ఊరి జాతరకని నాలుగు రోజులు పోయాడు. సరుకు అదే, కొలతలు అవే, వెంకటేశు చెయ్యి బాగానే తిరిగింది. మామూలుగా రోజుకు మూడు వందల నలభై ప్లేట్లు పోయేవి. ఆ నాలుగు రోజులు సగటున రెండు వందల ముప్పై. వచ్చినవాళ్లు వంటగది కిటికీలోకి తొంగిచూసి, ఎర్ర తువ్వాలు కనపడకపోతే కాఫీ తాగి లేచిపోయారు. రుచి తేడా లేదు, ఎందుకంటే జగ్గులు ముప్పై దగ్గరే ఉన్నాయి. తేడా నూట పది ప్లేట్లు. ఆ అంకె నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను.

అడగడం మానేశాడు

ఇంకో మూడేళ్లకు, ఒక చలికాలం మాస్టరుకు జ్వరం పట్టుకుంది. పదిహేను రోజులు లేవలేదు. తిరిగి పనిలోకి వచ్చిన వారం జగ్గుల లెక్క ఇలా ఉంది: ముప్పై ఒకటి, నలభై ఏడు, ఇరవై తొమ్మిది, యాభై రెండు. చలికాలంలో అలా ఎప్పుడూ లేదు.

అంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. "ఎన్ని జగ్గులప్పా?" అని అడగడం ఆయన మానేశాడు.

ఎప్పటిలాగే గిన్నె మీద వంగేవాడు, కళ్లు మూసుకునేవాడు. కాని ఇదివరకు రెండు క్షణాల్లో లేచేవాడు, ఇప్పుడు చాలాసేపు అలాగే ఉండిపోయేవాడు. ఒక పొద్దున నేను వంటగది గడపలో నిలబడి ఉండగా కాఫీ పాలు అడుగంటాయి. నాకు గడప దగ్గరికే మాడు వాసన వచ్చింది. మాస్టరు ఆ గిన్నెకు అడుగు దూరంలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. తల ఎత్తలేదు. వెనక నుంచి వెంకటేశు పరిగెత్తుకొచ్చి గిన్నె దించాడు.

"ఏం మాస్టరూ, యాడుండావు? పాలు మాడిపోతాండాయి గదా."

"ఏందో ఆలోచనలో ఉంటిని లేప్పా" అన్నాడు మాస్టరు. నవ్వాడు. నన్ను చూసి నవ్వు ఆపాడు.

నాకు అర్థమైంది. వాసన పోయింది. ఇరవై ఐదేళ్లు మిరపకాయల ఘాటు, పొయ్యి పొగ, పైన ఈ జ్వరం. కారణం ఏదైనా, పోయింది.

ఆ రోజు నేను అడిగి ఉంటే ఆయన చెప్పేవాడేమో. నేను అడగలేదు. తక్కెడ తీసుకుని కూర్చున్నాను. ఇరవై లీటర్ల సాంబారుకు నూట ఎనభై గ్రాముల ఉప్పు. రెండు కిలోల పప్పు చట్నీకి ఇంత, బోండా పిండికి ఇంత. పొట్లాలు కట్టి వరసగా పెట్టాను. కొత్తగా చేరేవాళ్లకు అలవాటు కావాలని చెప్పాను. కొత్తవాళ్లెవరూ లేరని మాస్టరుకు తెలుసు. పొట్లం విప్పి గిన్నెలో పోసి, మళ్లీ ముఖం పెట్టి కళ్లు మూసుకునేవాడు. కిటికీలోంచి జనం చూసేవాళ్లు. జగ్గులు మళ్లీ ముప్పైకి దిగాయి.

నేను చాలా తెలివైన పని చేశాననుకున్నాను. నిజంగా అనుకున్నాను.

రెండు నుంచి నాలుగు

పొట్లాలతో హోటలు నడుస్తుందని తేలాక ఇంకో ఊళ్లో పెట్టొచ్చని నాకు ధైర్యం వచ్చింది. కుప్పంలో రైల్వే స్టేషన్ రోడ్డులో రెండో హోటలు తెరిచాను. బోర్డు మీద అదే పేరు. మనిషి పుంగనూరులో, పేరు రెండు చోట్లా.

ఆ ఏడాదే పుంగనూరులో కట్టెల పొయ్యి తీసేసి గ్యాసు పెట్టించాను. సాంబారు ఇరవై నిమిషాలు ముందే అవుతుందని నా లెక్క. గ్యాసు బిగించడానికి వచ్చినతను జాగ్రత్తలన్నీ చెప్పాడు. మాస్టరు, నేను పక్కపక్కన నిలబడి విన్నాం.

"ముఖ్యంగా ఇది గుర్తు పెట్టుకోండి. గ్యాసు కంటికి కనపడదు. అందుకే దాంట్లో వాసన కలుపుతారు. వాసన వస్తే అగ్గిపుల్ల గీయొద్దు. కిటికీలు తెరవండి."

మాస్టరు తల ఊపాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఒక మాట అనడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అప్పుడు నేను గ్యాసతన్ని అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది.

"ఒక సిలిండరు ఎన్ని రోజులొస్తాది?"

కుప్పంలో మనిషి చాలడం లేదు. పుంగనూరు వంటగదిలో ఎవరు ఏ గంటలో ఏం చేస్తున్నారో మూడు వారాలు రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక రెండు నుంచి నాలుగు వరకు ఇద్దరికి సరిపడా పని లేదు. నాలుగుకు సాయంత్రం బోండాలు మొదలు. ఆ రెండు గంటలు ఒకడు చాలు. మిగతా వేళల్లో తరగడానికి, రుబ్బడానికి సప్లయర్లు సాయం పడతారని లెక్కేసి వెంకటేశును కుప్పానికి మార్చాను.

"మాస్టరొక్కడే ఉంటాడు గదన్నా ఆడ" అన్నాడు వెంకటేశు.

"ఆ రెండు గంటలు నువ్వు సేస్తాండేది ఏందిరా? నేను రాసుకున్న్యా. నిద్రపోతాండావు."

"నిద్రపోతాండా. ఆడే గదా పోతాండేది."

వాడు ఎదురు చెప్తున్నాడనుకున్నాను. వాడికి పాల సంగతి గుర్తుంది. చెప్పడానికి మాటలు దొరకలేదు, లేదా చెప్పి మాస్టరును పోగొట్టుకోవడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లం ముగ్గురం. ముగ్గురం ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఆరు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పుంగనూరులో ఈదురుగాలితో వాన. జల్లు లోపలికి కొడుతుంటే మాస్టరు కిటికీ రెక్కలు, వెనక తలుపు మూశాడు. పొయ్యి వెనక రబ్బరు ట్యూబు పగిలి ఉంది. ఎంతసేపటి నుంచో ఎవరికీ తెలియదు. ముందు హాల్లో సప్లయర్లు ఇద్దరు బల్లలు జరిపి వాన చూస్తూ వాకిట్లో కూర్చున్నారు. మూడు నలభైకి మాస్టరు బోండాలకు నూనె పెడదామని అగ్గిపుల్ల గీశాడు.

నేను కుప్పంలో ఉన్నాను. స్టేషన్ రోడ్డులో ఫోను వచ్చింది. బస్సులో పుంగనూరు చేరేసరికి ఆసుపత్రికి తీసుకుపోయారు. వంటగదిలో ఉప్పు పొట్లాలు మాత్రం అలమరలో వరసగా ఉన్నాయి.

గుడుపల్లె

ఆయన బతికాడు. రెండు చేతుల వేళ్లు ముడుచుకుపోయాయి. ముఖంలో ఎడమ సగం ఆయనది కాకుండా పోయింది. మూడు నెలల తర్వాత గుడుపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో, కూతురింట్లో దింపాం. ఖర్చంతా నేనే పెట్టాను. దాన్ని మంచితనమని ఊళ్లో అనుకున్నారు. నేను కాదనలేదు.

కుప్పంలో ఉన్న ప్రతి ఆదివారం చూడటానికి వెళ్లేవాణ్ని. వాన గురించి, రేషం పట్టుగూళ్ల ధర గురించి, వెంకటేశు పెళ్లి గురించి మాట్లాడుకునేవాళ్లం. ఏడాది తిరిగాక ఒక ఆదివారం కూతురు రాగి సంగటి, పప్పుచారు పెట్టింది. ఆయనకు స్పూను పట్టుకోవడం అప్పటికి వచ్చింది. పప్పుచారు ఒక స్పూను నోట్లో పోసుకుని నాలుక మీద ఆడించాడు.

"ఉప్పు తక్కువుండాది పాపా, రవ్వంత తే" అన్నాడు.

కూతురు ఉప్పు తెచ్చి వేసింది. నేను తిన్నాను. నిజమే, తక్కువే ఉండింది.

"నోటికి ఉప్పు తెలస్తాండాదప్పా" అన్నాడు నాతో. "వాసనే పోయింది. నాలిక బాగానే ఉండాది. ఆ పొద్దు ఒక్క సుక్క నాలిక మీద ఏసుకోని ఉంటే నీ పొట్లాలతో పనుండేది కాదు. ఎంగిలని ఏసుకోలే."

"వాసన పోయిందని నాకు తెలుసు మాస్టరూ. పాలు మాడిన పొద్దే తెలుసు."

"నీకు తెలుసని నాకు తెలీదా? పొట్లాలు కట్టింది నువ్వే గదా." స్పూను పక్కన పెట్టాడు. గొంతు ఎత్తలేదు, ఎప్పుడూ ఎత్తలేదు. "నేను యాల సెప్పలేదో నాకు తెలుసు. వాసన పోయిన మాస్టరుకు పనెవురిస్తారు? సిగ్గు. నువ్వు యాల సెప్పలేదో, అదొక్కటే నాకు తెలీకుండా ఉండాది. కూసోబెట్టి కూడు పెట్టింటావు నువ్వు. అది నాకు తెలుసు. మరి యాల సెప్పలేదప్పా?"

మీరు బాధపడతారని చెప్పలేదన్నాను. ఆయన తల ఊపాడు, గ్యాసతను చెప్పినప్పుడు ఊపినట్టే.

తర్వాతి ఆదివారం వెళ్లలేదు. ఆ తర్వాతది కూడా. పని ఉందని కబురు చేశాను. వాన కాలం అయిపోయేలోపు ఆయన పోయాడని వెంకటేశు వచ్చి చెప్పాడు.

పుంగనూరు హోటలు మళ్లీ తెరవలేదు. కుప్పంలోది రెండేళ్లు నడిపాను. పొట్లాలు కట్టడానికి కూర్చుని, తక్కెడ తీసి, మళ్లీ లోపల పెట్టేసేవాణ్ని. ఎవరో అడిగితే సామాన్లతో సహా ఇచ్చేశాను, బోర్డు ఒక్కటి దించుకుని. వెంకటేశు ఇప్పుడు కురబలకోట దగ్గర సొంతంగా చిన్న టిఫిన్ అంగడి నడుపుతున్నాడు. నేను వెళ్తే కాఫీ ఇస్తాడు. మాట్లాడటం తక్కువ.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. వంటగదిలో ఇద్దరు ఎప్పుడూ ఉండాలి, వాళ్లకు పని ఉన్నా లేకపోయినా. మాస్టరును చేర్చుకునేటప్పుడు చెయ్యి చూస్తారు, ముక్కు కూడా చూడండి. ఏడాదికోసారి మళ్లీ చూడండి. లోపం ఉంటే ఆయన దాస్తాడు. మీరు దాయకండి. నేను ఈ మాటలు చెప్తే కుర్రాళ్లు మర్యాదగా వింటారు, విన్నాక అడ్వాన్సు ఎంతని అడుగుతారు. ఆ వయసులో నేనూ అదే అడిగేవాణ్ని.

మాస్టరు అడిగినదానికి నా దగ్గర అప్పుడే జవాబు ఉంది. నోటుపుస్తకంలో రాసి, కింద గీత గీసి ఉంది. కిటికీలో ఆయన కనపడితే మూడు వందల నలభై ప్లేట్లు, కనపడకపోతే రెండు వందల ముప్పై. నూట పది. సంగటి ప్లేటు ముందు కూర్చుని, జీవితంలో అన్నీ లెక్కపెట్టి చెప్పినవాణ్ని, ఆ ఒక్క అంకె ఆయనకు చెప్పలేకపోయాను.